వాట్లు చూసి కొనకండి: మూవింగ్ హెడ్ లైటు లోపలి విజ్ఞానం

మండపేట చుట్టుపక్కల ఊళ్లలో డీజే మాట్లాడుకోవడానికి వచ్చే పెళ్లివారు బేరం కుదిరే ముందు ఒక మాట అడుగుతారు: "షార్పీలు ఎన్ని పెడతారు?" పాటల సంగతీ సౌండు సంగతీ ఆ తర్వాతే. పెళ్లికొడుకు కారు దిగేసరికి ఆకాశంలోకి నాలుగు తెల్లటి గీతలు లేవాలి. హాల్లో పెళ్లికూతురు నడిచి వస్తుంటే నేల మీద వెలుగుపూలు తిరగాలి. కొత్తగా డీజే మొదలుపెట్టిన కుర్రాడి దగ్గర ఉండేది నాలుగు స్పీకర్లు, ఒక మిక్సరు, ఒక లాప్‌టాపు, వాయిదాల మీద తీసుకున్న టాటా ఏస్. షార్పీలు కొనాలంటే డబ్బు చాలదు, ఎక్కించి దించాలంటే మనుషులు చాలరు. అందుకే అతని చూపు చిన్న ఎల్‌ఈడీ మూవింగ్ హెడ్ల మీద పడుతుంది. ఒక పెట్టె మీద 60 వాట్లని ఉంటుంది, ఇంకోదాని మీద 100 అని, మరోదాని మీద 150 అని. ఏది కొనాలి?

పెద్ద అక్షరాలతో వేసిన ఆ వాట్ల అంకె మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. లోపలి దీపం ఎంత కరెంటు తీసుకుంటుందో అది చెబుతుంది, అంతే. వెలుగు ఎంత వస్తుందో, ఎంత దూరం పోతుందో, ఎంత మేర పరుచుకుంటుందో చెప్పదు. డీజేకి కావలసినవి ఆ మూడే. అవి దేన్నిబట్టి వస్తాయో తెలియాలంటే, ఈ లైటు ఎలా పుట్టిందో, లోపల ఏముందో ముందు చూడాలి.

1970ల్లో మన గోదావరి జిల్లాల ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్లు తలల మీద పెట్టుకుని నడిచేవారు. నాటకం స్టేజి దగ్గర ఫోకస్ లైటు ముందు రంగు రంగుల జిలెటిన్ కాగితాలు అతికించిన చక్రాన్ని ఒక మనిషి చేత్తో తిప్పేవాడు. ఆ చెయ్యి పనిని మోటారుకు అప్పగించడమే మూవింగ్ హెడ్. అమెరికాలో డల్లాస్ నగరానికి చెందిన షోకో కంపెనీ ఇంజినీర్లు రంగులు మార్చే లైటు చేద్దామని కూర్చున్నారు. రంగుటద్దాలు తిప్పడానికి ఎలాగూ మోటార్లు పెడుతున్నాం, ఇంకో రెండు పెడితే లైటే తిరుగుతుంది కదా అని వాళ్లకు తట్టింది. వేరీలైట్ అని పేరు పెట్టిన ఆ లైట్లు 1981 సెప్టెంబరు 25న బార్సిలోనాలో జెనెసిస్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం కచేరీలో తొలిసారి జనం ముందు తిరిగాయి. సన్నటి గీత వేసే బీమ్ లైట్లన్నిటినీ కలిపి మనవాళ్లు షార్పీలంటున్నారు గానీ, అసలు షార్పీ ఇటలీకి చెందిన క్లే పాకీ కంపెనీ 2010లో తెచ్చిన ఒక మోడల్. 189 వాట్ల దీపం, 16 కిలోల బరువు.

చిన్న ఎల్‌ఈడీ మూవింగ్ హెడ్ మూత నాలుగు స్క్రూలు విప్పి చూస్తే కథంతా లోపలే కనిపిస్తుంది. వెనక భాగంలో ఒక రాగి పలక, దానికి కరుచుకుని అల్యూమినియం రెక్కలు, వాటి మీద ఫ్యాన్లు. రాగి పలక మధ్యలో గోరంత పసుపుపచ్చ మచ్చ ఉంటుంది. వెలుగంతా పుట్టేది అక్కడే. నిజానికి ఆ చిప్పు పుట్టించేది నీలి వెలుగు. దాని మీద పూసిన పసుపుపచ్చ ఫాస్ఫర్ పొర ఆ నీలంలో కొంత పీల్చుకుని పసుపు వెలుగుగా మారుస్తుంది. మిగిలిన నీలమూ ఈ పసుపూ కలిసి మన కంటికి తెలుపు. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని జపాన్‌లో నాకామురా 1993లో బయటికి తెచ్చాడు. ఆ దారి వేసిన అకసాకి, అమానోలతో కలిపి ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. చిప్పు ముందు రంగుటద్దాల చక్రం, దాని ముందు పువ్వులూ చుక్కలూ చెక్కిన రేకుల చక్రం ఉంటాయి. ఈ రేకుల్ని గోబోలంటారు. ఆ తర్వాత వెలుగును మూడుగానో ఎనిమిదిగానో చీల్చే ప్రిజమ్, చివర కటకం. ప్రతి చక్రానికీ ఒక స్టెప్పర్ మోటారు. తలను పక్కలకు తిప్పడానికి (పాన్) ఒకటి, పైకీ కిందికీ వంచడానికి (టిల్ట్) ఒకటి.

ఇప్పుడు వెలుగు లెక్కకు వద్దాం. లైటు మొత్తంగా ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు లక్స్. బిందెడు నీళ్లు పళ్లెంలో పోస్తే మడమ తడవదు, అవే నీళ్లు సన్నటి గొట్టంలో పోస్తే నిలువెత్తు లోతు వస్తుంది. నీళ్లు ల్యూమెన్లు, లోతు లక్స్. 3,000 ల్యూమెన్ల లైటు 14 డిగ్రీల కోణంలో వెలుగు పంపుతోందనుకుందాం. 5 మీటర్ల దూరంలో గోడ మీద సుమారు 1.2 మీటర్ల వెడల్పు వలయం పడుతుంది, అక్కడ 2,500 లక్స్ వరకూ ఉంటుంది. అదే లైటును 10 మీటర్ల దూరానికి జరిపితే వలయం రెండింతల వెడల్పు, నాలుగింతల వైశాల్యం అవుతుంది. వెలుగు 630 లక్స్‌కు పడిపోతుంది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు కావడమంటే ఇదే. అవే 3,000 ల్యూమెన్లను 3 డిగ్రీల సన్నటి గీతగా పంపగలిగితే 10 మీటర్ల దగ్గర కూడా దాదాపు 14,000 లక్స్. కరెంటు మారలేదు, ల్యూమెన్లు మారలేదు. కోణం ఒక్కటి మారితే 22 రెట్ల తేడా.

మరి ఎల్‌ఈడీనే 3 డిగ్రీలకు సన్నం చేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఇక్కడ ప్రకృతి నియమం ఒకటి అడ్డొస్తుంది. వెలుగు పుట్టే చోటు ఎంత చిన్నదైతే, దాన్ని అంత సన్నటి గీతగా మలచవచ్చు. పుట్టే చోటు పెద్దదై గీత సన్నంగా రావాలంటే కటకం పెద్దది కావాలి. వేరే దారి లేదు. షార్పీలాంటి వాటి దీపంలో రెండు లోహపు మొనల మధ్య మెరిసే మెరుపు మిల్లీమీటరు పొడవు ఉంటుంది. 100 వాట్ల ఎల్‌ఈడీ చిప్పు మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. దాని ముందు పెట్టే కటకమేమో అరచేతిలో పట్టేంత. అందుకే గోబోలున్న ఈ చిన్న ఎల్‌ఈడీ మూవింగ్ హెడ్లు, అంటే స్పాట్లు, సాధారణంగా 10 నుంచి 20 డిగ్రీల మధ్య వెలుగు పరుస్తాయి. అది లోపమని నేననను. గోబో పువ్వు గోడ మీద విచ్చుకోవాలంటే ఆ వెడల్పే కావాలి, 3 డిగ్రీల గీతలో పువ్వు చుక్కంత అవుతుంది. కాకపోతే కొనేవాడికి ఈ తేడా ముందే తెలియాలి. చిన్న ఎల్‌ఈడీ స్పాట్ తెచ్చి, ఊరేగింపులో మబ్బుల్ని తాకే గీత రాలేదని దుకాణదారుతో గొడవ పడి లాభం లేదు. కాబట్టి డీలరును వాట్లు అడగకండి. కోణమెంత, 5 మీటర్ల దగ్గర లక్స్ ఎంత అని అడగండి. మంచి తయారీదారుల కాగితంలో ఆ రెండు అంకెలూ ఉంటాయి. లేవంటే అనుమానించాల్సిందే.

అయితే కరెంటు దగ్గరకు వచ్చేసరికి ఎల్‌ఈడీదే పైచేయి. షార్పీ రకం దీపం ఒకసారి ఆరిపోతే వెంటనే వెలగదు. లోపలి వాయువు వేడి తగ్గేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. మన పందిళ్లలో కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు క్షణాల విరామం మామూలే. జీలకర్ర బెల్లం వేళకు సరిగ్గా ఆ విరామం వచ్చిందంటే లైట్లన్నీ మూగబోతాయి. ఎల్‌ఈడీ అయితే కరెంటు రాగానే తల ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుకుని, తన స్థానం తాను వెతుక్కుని, మళ్లీ పనిలో పడుతుంది. దీపాల ఆయుష్షు చూసినా అంతే. షార్పీలో వాడే దీపానికి సుమారు 2,000 గంటలు. ఎల్‌ఈడీలకు తయారీదారులు వేలకొద్దీ గంటలు, మామూలుగా 20,000 పైనే చెబుతారు. కాకపోతే ఎల్‌ఈడీ ఒక్కసారిగా చావదు, మెల్లగా మసకబారుతుంది.

లోడు లెక్క కూడా చూడండి. 100 వాట్ల ఎల్‌ఈడీ స్పాట్ మోటార్లు, ఫ్యాన్లతో కలిపి 150 వాట్ల లోపు లాగుతుంది. నాలుగుంటే 600 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు. 230 వాట్ల దీపమున్న బీమ్ లైట్లు నాలుగు పెడితే ఆరు ఆంపియర్ల దాకా పోతుంది. చిన్న జనరేటరు మీద బేస్ దరువు పడ్డప్పుడల్లా వోల్టేజి ఊగుతూ ఉంటుంది కాబట్టి, ఆ మిగిలిన మూడున్నర ఆంపియర్లు డీజేకు ప్రాణం లాంటివి.

లైట్లు కాలిపోవడానికి మన పందిళ్లలో పెద్ద కారణం ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. పందిరికి మూడు ఫేజుల కరెంటు ఇస్తారు. ఒక ఫేజు మీద ఏసీలు, ఒకదాని మీద సౌండు, ఒకదాని మీద లైటింగు. మూడింటికీ తిరుగుదారి న్యూట్రల్ తీగ. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు దగ్గర ఆ న్యూట్రల్ ఊడిందంటే, 230 వోల్టులు మూడింటి మధ్యా సమంగా ఉండవు. ఎక్కువ లోడున్న ఫేజు కిందికి పోతుంది, తక్కువ లోడున్నది పైకి లేస్తుంది, ఒక్కోసారి 400 వోల్టుల దరిదాపులకు. తక్కువ లోడున్నది ఏది? ఎల్‌ఈడీ లైట్లు పెట్టిన ఫేజే. మూవింగ్ హెడ్ లోపలి పవర్ సప్లై మామూలుగా 230 వోల్టుల ఏసీని 325 వోల్టుల డీసీగా మార్చుకుని కెపాసిటర్‌లో నింపుకుంటుంది. ఆ కెపాసిటర్ తట్టుకునేది 400, 450 వోల్టుల దాకా. బయట 400 వోల్టులు వస్తే లోపల 560 దాటుతుంది. టప్పుమని పేలుతుంది. ఒకేసారి నాలుగు లైట్లూ పోతాయి. వోల్టేజి గీత దాటగానే కరెంటు ఆపేసే ప్రొటెక్టరు ఒకటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో బిగించుకుంటే ఈ నష్టం తప్పుతుంది. లైట్లు ప్లగ్గులో పెట్టే ముందు మల్టీమీటరుతో చూసుకోవడం, న్యూట్రల్ జాయింటును స్వయంగా లాగి చూడడం అలవాటు కావాలి. కొత్త లైటు కొనడానికి దాచిన డబ్బులో ముందు ఖర్చు పెట్టాల్సింది దీనికే.

ఇక గాలి. వెలుగుగీత పక్క నుంచి కనిపించాలంటే ఆ వెలుగులో కొంత మన కంటివైపు చెదరాలి. శుభ్రమైన గాలిలో చెదిరేది దాదాపు లేదు, లైటు ఎంత గొప్పదైనా గోడ మీది వలయమే కనిపిస్తుంది. అందుకే హేజ్ మిషన్. అది వదిలే తుంపర్లు మైక్రాన్ స్థాయి పరిమాణంలో గాలిలో తేలుతూ వెలుగును చెదరగొడతాయి. మాఘమాసపు ముహూర్తాల్లో తెల్లవారుజామున డెల్టా పొలాల మీద పొగమంచే ఆ పని చేసిపెడుతుంది. అప్పుడు చిన్న లైటు కూడా రాజాలా కనిపిస్తుంది. వైశాఖంలో సాయంత్రం గాలి వీచే మైదానంలో హేజ్ మిషన్ ఎంత పొగ వదిలినా నిలవదు. ఏసీ ఫంక్షన్ హాల్లో మాత్రం గంటసేపు నిలుస్తుంది. చిన్న ఎల్‌ఈడీ హెడ్లకు సహజమైన చోటు హాలే అని నేననడానికి సగం కారణం ఇది. పొగను పసిగట్టే అలారాలు హాల్లో ఉన్నాయేమో మేనేజరును ముందే అడగాలి.

మండపేట రైసుమిల్లుల ఊరు. ఊక దుమ్ము ఎక్కడికైనా చేరుతుంది. ఎల్‌ఈడీ తీసుకున్న కరెంటులో మూడో వంతు అటూ ఇటూగా వెలుగవుతుంది, మిగతాదంతా వేడే. పాత బల్బు తన వేడిలో చాలాభాగం వెలుగుతో పాటే ముందుకు వెళ్లగొట్టేది. ఎల్‌ఈడీ వేడి చిప్పు వెనకే నిలిచిపోతుంది. దాన్ని మోసుకెళ్లేది రాగి పలక, రెక్కలు, ఫ్యాన్లు. గోదావరి తేమతో కలిసిన దుమ్ము ఆ రెక్కల మధ్య పేడలా గట్టిపడితే గాలి ఆడదు, చిప్పు వేడెక్కుతుంది. మంచి లైటు తనంతట తాను వెలుగు తగ్గించుకుంటుంది, నాసిరకంది మాడిపోతుంది. మే నెలలో షామియానా కింద 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు చాలా లైట్లకు రాసిచ్చిన హద్దు మీదే ఉంటాయి. సీజనుకు రెండుసార్లైనా మూత తీసి బ్రష్షుతో, బ్లోయరుతో శుభ్రం చేయాలి.

వరి పాలు పోసుకునే రోజుల్లో పొలం గట్టున పందిరి వేస్తే పచ్చ దీపపు పురుగులు లైట్లను కమ్మేస్తాయి. పురుగుల కళ్లు అతినీలలోహిత కాంతికి, నీలానికి ఎక్కువగా స్పందిస్తాయి. షార్పీ రకం మెరుపు దీపాల్లో అతినీలలోహితం పుడుతుంది, తెల్ల ఎల్‌ఈడీలో దాదాపు ఉండదు. అలాగని పురుగులు పూర్తిగా రావని కాదు, నీలం ఉంటుంది కాబట్టి వస్తాయి. ఫ్యాన్ల నోటికి సన్నటి జాలీ ఉన్న మోడల్ దొరికితే తీసుకోండి.

వాన సంగతి ఒక్క మాట. ఐపీ 20 అని రాసి ఉంటే చినుకు పడకూడదని అర్థం. ఐపీ 65 అయితే దుమ్ము చొరదు, నీటి ధార తట్టుకుంటుంది, బరువూ ధరా బాగా పెరుగుతాయి. శ్రావణమాసంలో బయట పెళ్లిళ్లు ఎక్కువగా ఒప్పుకునేవారు తప్ప మిగతావారు ఐపీ 20కి ప్లాస్టిక్ కవరు సిద్ధంగా పెట్టుకుంటే చాలు. ఇంకో జాగ్రత్త చాలామందికి తెలియదు. టాటా ఏస్ వెనక తలలు ఆకాశంవైపు పెట్టి పట్టపగలు లైట్లు తీసుకెళ్లకూడదు. కటకంలోంచి ఎండ లోపలికి పోయి ఒక చుక్కగా చేరి, రంగుటద్దాన్నీ చిప్పునూ కాల్చేస్తుంది. స్విచ్ వేయకుండానే లైటు చెడిపోతుంది. తల కిందికి వంచి బట్ట కప్పండి.

పెళ్లిలో డీజే కన్నా ఎక్కువ కాలం మిగిలేది వీడియో. ఎల్‌ఈడీ వెలుగు తగ్గించడమంటే సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగించడమే. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఈ వేగం తక్కువగా ఉన్న లైట్ల కింద తీసిన వీడియోలో నల్లటి అడ్డచారలు పరుగెడతాయి. పరీక్ష సులువు. దుకాణంలోనే లైటును మూడో వంతు వెలుగుకు తగ్గించమని, ఫోన్ స్లో మోషన్‌లో తీయండి. చారలొస్తే ఆ లైటు వద్దు. ఈ వేగాన్ని పెంచుకునే వీలు మెనూలో ఉన్నవి కొంచెం ఖరీదైనా పెళ్లి పనికి అవే తగినవి.

రంగు గురించీ చెప్పాలి. నీలం నుంచి పుట్టిన తెలుపులో ఎరుపు పాలు తక్కువ. దాని ముందు ఎర్రటి అద్దం పెడితే వెలుగులో చాలాభాగం అక్కడే ఆగిపోతుంది, మిగిలేది నీరసపు ఎరుపు. నిండు ఎరుపు, నిండు పచ్చ కావాలంటే ఆ రంగుల చిప్పులు విడివిడిగా ఉండే వాష్ లైట్లే గతి. పైగా ఈ స్పాట్ల తెలుపు 7,000 కేల్విన్ల పైబడిన చల్లటి తెలుపు. పసుపు రాసుకున్న పెళ్లికూతురి ముఖం మీద నేరుగా వేస్తే పాలిపోయినట్టు కనిపిస్తుంది. ముఖాలకు వెచ్చటి పార్ లైట్లు వాడి, మూవింగ్ హెడ్లను వెనక తెరమీదా నేలమీదా గాలిలోనూ ఆడించడం మంచిది.

తల తిప్పే తీరులో కూడా మంచీ చెడూ ఉంటుంది. లైట్లతో మాట్లాడే భాష డీఎంఎక్స్ 512. 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక సంస్థ రూపొందించింది. ఒక తీగ మీద 512 చానళ్లు, ఒక్కో చానల్లో 0 నుంచి 255 దాకా అంకెలు. తల 540 డిగ్రీలు తిరుగుతుందనుకుంటే, ఒక్క చానలుతో నడిపినప్పుడు ఒక్కో అంకెకు 2 డిగ్రీల పైచిలుకు. 10 మీటర్ల దూరంలోని గోడ మీద అది 37 సెంటీమీటర్ల గెంతు. మెల్లగా నడిచే పాటకు వెలుగు ఆగి ఆగి గెంతుతూ కనిపిస్తుంది. రెండు చానళ్లు కలిపే 16 బిట్ పద్ధతిలో అదే గెంతు మిల్లీమీటరున్నరకు దిగుతుంది. 16 బిట్ పాన్, టిల్ట్ ఉందా అని తప్పకుండా అడగండి. లైట్లను నడిపే బోర్డు లేకుండా పాటకు లైట్లే ఆడే సౌండ్ మోడ్ ఎలాగూ చాలావాటిలో ఉంటుంది, మొదటి ఏడాదికి అదీ పనికొస్తుంది. పందిట్లో లైట్లు వాటంతట అవే ఉలిక్కిపడుతుంటే చాలాసార్లు తప్పు లైటుది కాదు, డీఎంఎక్స్‌కు బదులు వాడిన మైకు తీగది. 120 ఓముల తీగ వాడి, చివరి లైటుకు 120 ఓముల టెర్మినేటరు పెడితే తగ్గుతుంది.

స్టాండు మీద 8 కిలోల లైటు తల గిరుక్కున తిప్పితే స్టాండు ఎదురువైపు ఊగుతుంది. పిల్లలు పరుగెత్తే చోట కాళ్లు పూర్తిగా విప్పి, వాటి మీద ఇసుక మూటలు వేయండి. పైన ట్రస్సుకు తగిలిస్తే క్లాంపుతో పాటు ఉక్కు సేఫ్టీ తీగ కట్టకుండా ఒక్క లైటు కూడా వేలాడదీయకండి. కొబ్బరాకుల పందిరిలోనైతే లైటు మీద రాసి ఉన్న కనీస దూరం పాటించండి. బీమ్ లైట్ల విషయంలో ఆ దూరం మీటర్ల లెక్కలో ఉంటుంది.

ఒక టాటా ఏస్, ఇద్దరు మనుషులు, ఎక్కువగా హాళ్లలో పెళ్లిళ్లూ ఓణీల ఫంక్షన్లూ చేసే డీజేకు నేను చెప్పేది ఇది. 80 నుంచి 100 వాట్ల ఎల్‌ఈడీ స్పాట్లు ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి నాలుగు తీసుకోండి. రెండు పెద్దవి, రెండు చిన్నవి కలిపితే వెలుగూ రంగూ కలవవు. మిగిలిన డబ్బుతో ఒక హేజ్ మిషను, ఒక వోల్టేజి ప్రొటెక్టరు, అసలైన డీఎంఎక్స్ తీగలు కొనండి. వినాయక చవితి నిమజ్జనానికో బయటి ఊరేగింపుకో ఆకాశంలో గీతలు కావాలని అడిగితే, ఆ రాత్రికి బీమ్ లైట్లు రాజమండ్రి నుంచి అద్దెకు తెచ్చుకోండి. కొనే ముందు మాత్రం దుకాణంలో ట్యూబ్‌లైట్లన్నీ ఆర్పించి, 5 మీటర్ల దూరంలో తెల్లగోడ మీద వేసి చూడండి. అలా చూపించడానికి ఒప్పుకోని దుకాణంలో కొనకండి.